చెల్లెలి కారులో సన్నటి మోత

మిల్లు క్వార్టర్లు, మూడో వరుస
మార్చి 4, సోమవారం, ఉదయం 6 గంటల 10 నిమిషాలు

చెల్లాయికి,

నిన్న నీ కారులో జరిగిన పని వివరం నీ దగ్గర కాగితం మీద ఉండటం మంచిది. రేపు ఎవరైనా ఆ డ్యాష్‌బోర్డు విప్పితే లోపల ఏది ఎందుకు ఉన్నదో తెలియాలి. జరిగింది జరిగిన వరుసలోనే రాస్తున్నాను.

1. ఉదయం 7.40కి నీ ఇంటికి చేరాను. నువ్వు కొత్తగా కొనుక్కున్న, అరచేతిలో ఇమిడే మ్యూజిక్ ప్లేయరునూ, పద్దెనిమిదేళ్ళ వయసున్న నీ కారు స్టీరియోనూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆ స్టీరియోకి క్యాసెట్టు, రేడియో తప్ప మరొకటి తెలియదు.

2. స్టీరియోను బయటికి లాగాను. డిక్కీలో అమర్చే సీడీ పెట్టె కోసం ఉంచిన సాకెట్టు ఒకటి వెనకవైపు ఖాళీగా ఉంది. అది ఉంటుందని నేను ముందే పుస్తకంలో చదివి ఉన్నాను.

3. అయితే సీడీ పెట్టె ఉన్నదని స్టీరియోకి నమ్మకం కుదిరితే తప్ప ఆ దారి తెరుచుకోదు. అందుకని, స్టీరియో "ఉన్నావా" అని అడిగిన ప్రతిసారీ "ఉన్నాను" అని బదులిచ్చే చిన్న కార్డు ఒకటి ఇంటి దగ్గరే తయారుచేసి తెచ్చాను. దానికి పదకొండు సాయంత్రాలు పట్టింది.

4. పాట వచ్చే వైరును ఆ సాకెట్టుకు కలిపాను. ప్లేయరుకు చార్జింగు లైటరు దగ్గరి నుంచి ఇచ్చి, ఆ చార్జింగు తాలూకు ఎర్త్ వైరును యాష్‌ట్రే వెనకనున్న స్క్రూకు బిగించాను. ప్రతి వైరుకూ చీటీ అంటించి అంకె వేశాను.

5. మధ్యాహ్నం నువ్వు నన్ను భోజనానికి నాలుగుసార్లు పిలిచావట. నేను పనిలో ఉన్నాను.

6. సాయంత్రం 4.50కి మొదటి పాట వచ్చింది. ఇంజను ఆపి విన్నాను. నడిపి విన్నాను. యాక్సిలరేటరు తొక్కి విన్నాను. పాట తప్ప మరే చప్పుడూ లేదు.

7. టీ తాగుతూ, నాకు చెప్పకముందే పెట్రోలు బంకు పక్కనున్న స్టీరియో దుకాణంలో ఈ పని గురించి వాకబు చేశానని నువ్వు అన్నావు. ఆయన "అదెంత పనమ్మా, తీసుకురండి" అన్నాడని కూడా అన్నావు.

ఏడో అంశం మీద నేను వ్యాఖ్యానించదలచుకోలేదు. నీ పదో ఏట సైకిలు గంట మొదలుకొని ఈనాటి వరకూ నీ వస్తువు ఏది పాడైనా బాగుచేసింది ఎవరో మాత్రం ఒకసారి తలుచుకో.

ఇట్లు,
మగ్గాల షెడ్డు ప్రధాన మెకానిక్,
మిల్లు నిర్వహణ విభాగం,
నీ అన్నయ్య


పై వాటా, బస్సు డిపో వెనక వీధి
మార్చి 13

అన్నయ్యా,

నువ్వు ఉత్తరం రాశావా, దస్తావేజు రాశావా? చివర్లో సాక్షి సంతకాలు కూడా ఉంటాయేమోనని కాగితం తిప్పి చూశాను. సొంత చెల్లెలికి రాసేటప్పుడు కూడా హోదాతో సహా సంతకం పెట్టేవాడివి ప్రపంచం మొత్తం మీద నువ్వొక్కడివే.

ఫోన్లో చెప్పేద్దామంటే, నోటిమాట గాల్లో కలిసిపోతుంది, కాగితం మీద పెట్టు అంటావు. రెండేళ్ళయింది నీ గొంతు ఫోన్లో విని. సరే, పెడుతున్నాను.

రోజుకి మూడు బడులు తిరుగుతున్నాను. ఒక్కో బడిలో నలభై మంది పిల్లలు. చెవులకి హెడ్‌ఫోన్ పెట్టడం, మీట తిప్పడం, వినబడితే బటన్ నొక్కరా బాబూ అనడం. సాయంత్రానికి ఆ బీప్ శబ్దాలు నా తలలో కాపురం పెడతాయి. కార్లో కూర్చుని పాట పెట్టుకోగానే ప్రాణం లేచొస్తుంది. నీ కార్డు బుద్ధిగా "ఉన్నాను, ఉన్నాను" అంటూనే ఉంది. రెండు వేల పాటలన్నయ్యా. క్యాసెట్టు మార్చాలని రోడ్డు పక్కన ఆగే పని లేదు.

ఒక్క చిన్న సంగతి. బండి వేగం అందుకున్నప్పుడు పాట వెనకాల సన్నగా ఏదో మోత వస్తోంది. చెవిలో జోరీగ దూరినట్టు. యాక్సిలరేటర్ తొక్కితే పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. పెద్ద విషయమేం కాదు. నువ్వెప్పుడైనా ఇటొస్తే చూద్దువుగాని.

వదినని అడిగానని చెప్పు.

చెల్లి


మిల్లు క్వార్టర్లు, మూడో వరుస
మార్చి 17, ఆదివారం, మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలు

చెల్లాయికి,

నీ ఉత్తరంలో నాలుగో పేరాను మూడుసార్లు చదివాను.

ఎర్త్ రెండు చోట్ల ఉన్నప్పుడు అటువంటి మోత పుట్టవచ్చునని పుస్తకాలు చెబుతాయి. ఆ సంగతి నాకు తెలియక కాదు. తెలుసును కాబట్టే ఇంజను నడుస్తుండగా ప్రత్యేకంగా పరీక్షించాను. అంశం 6 చూడు. వినబడలేదు. వినబడనిదాన్ని ఉన్నదని ఒప్పుకోవడం నా పద్ధతి కాదు.

ఈమధ్య అందరికీ లేని శబ్దాలు వినిపిస్తున్నాయి. ఆరు నెలల కిందట మా షెడ్డులో చేరిన రెండో మెకానిక్, పద్నాలుగో నంబరు మగ్గం కీచుమంటున్నదని వారానికి రెండుసార్లు మొర పెడుతున్నాడు. నేను వెళ్ళి పక్కన నిలబడి విన్నాను. తక్కిన మగ్గాలెట్లా ఉన్నవో అదీ అట్లాగే ఉంది. ఇరవై ఆరేళ్ళుగా ఆ షెడ్డులో మగ్గం జబ్బును చెవితో పట్టి చెప్పే మనిషిని నేను. కళ్ళు మూసుకుని నడుస్తూ, ఎన్నో నంబరుకు ఏ నట్టు వదులైందో చెప్పేవాడిని. ఇప్పుడు ఇతను తల ఒక పక్కకు వాల్చి, మేనేజరు చూస్తుండగా, "ఇదిగో సార్, ఇక్కడే" అంటాడు. ఆ తల వాల్చడం చూడాలి నువ్వు. సంగీత కచేరీకి వచ్చిన రసికుడి వాటం.

ఒక్క ప్రశ్నకు నాకు సూటిగా జవాబు కావాలి. మోత వస్తున్నదని ముందుగా అన్నది నువ్వా, ఆ స్టీరియో దుకాణం ఆయనా?

ఇట్లు,
మగ్గాల షెడ్డు ప్రధాన మెకానిక్,
మిల్లు నిర్వహణ విభాగం,
నీ అన్నయ్య


పై వాటా, బస్సు డిపో వెనక వీధి
మార్చి 29

అన్నయ్యా,

నేనే. ముందు విన్నది నేనే. చెవులు నా వృత్తి, మర్చిపోయావా?

ఇప్పుడు రాసేది చదివి కోపం తెచ్చుకోకు. మొన్న పెట్రోలు పోయించుకుంటుంటే స్టీరియో ఆయన దుకాణం బయటే నిలబడి ఉన్నాడు. నేను బండి ముందుకి తీస్తుంటే చెయ్యెత్తి ఆపాడు. "ఏంటమ్మా, బండిలో దోమల్ని పెంచుతున్నారా?" అన్నాడు. బయట నిలబడిన మనిషికి వినబడిందన్నయ్యా, కిటికీలోంచి.

స్టీరియో లాగి చూశాడు. "ఈ కార్డు ఎవరు చేశారు?" అన్నాడు. మా అన్నయ్య అన్నాను. "ఆయన ఎక్కడ నేర్చుకున్నారు?" ఎక్కడా నేర్చుకోలేదు, పుస్తకాలు చదువుతాడన్నాను. "నేనైతే ఈ సాకెట్టు జోలికే పోయేవాణ్ణి కాదమ్మా. కొత్త స్టీరియో కొనిపించేవాణ్ణి" అన్నాడు. నీ చీటీలు ఒక్కొక్కటీ చదివాడు. తర్వాత ఒకే ఒక్క వైరు, యాష్‌ట్రే వెనకాల ఉన్నది, తీసి స్టీరియో బాడీ దగ్గరికి మార్చాడు. పది నిమిషాలు. మోత పోయింది. డబ్బిస్తే తీసుకోలేదు.

ఆయనకి యాభై దాటాయి, ముగ్గురు పిల్లలు, భార్య దుకాణంలోనే కూర్చుంటుంది. నువ్వు అడగబోయేది ముందే రాసేస్తున్నాను.

చెల్లి


మిల్లు క్వార్టర్లు, మూడో వరుస
ఏప్రిల్ 7, ఆదివారం, ఉదయం 5 గంటల 20 నిమిషాలు

చెల్లాయికి,

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు. ఈ సామెత ఇంతకాలం ఇతరుల ఇళ్ళ గురించి అనుకున్నాను.

నా సందేహాలు ఇవి.

ఒకటి, పదకొండు సాయంత్రాలు, ఒక ఆదివారం నావి. పది నిమిషాలు ఆయనవి. నీ ఉత్తరంలో ఆయన పది నిమిషాలకు ఎన్ని పంక్తులు కేటాయించావో, నా పదకొండు సాయంత్రాలకు ఎన్ని కేటాయించావో లెక్కపెట్టాను. అంకెలు రాయను. నువ్వే పెట్టుకో.

రెండు, ఆయన నన్ను పొగిడాడన్నావు. గెలిచినవాడు ఓడినవాణ్ణి పొగడటం సులువు. నా చీటీలు చదివే హక్కు ఆయనకు ఎవరిచ్చారు?

మూడు, డబ్బు తీసుకోలేదు. తీసుకుని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. తీసుకుంటే అది పని. తీసుకోకపోతే అది అన్నగా నా స్థానం.

నాలుగు, లేని మోతను పోగొట్టడం కంటే తేలికైన మరమ్మతు లోకంలో లేదు.

ఇక్కడి సంగతి. రెండో మెకానిక్ గత శుక్రవారం మేనేజరు ఎదుట మళ్ళీ పద్నాలుగో నంబరు ప్రస్తావన తెచ్చాడు. "సార్‌కి ఒకసారి చూపిస్తే బాగుంటుందని" అన్నాడు, నేను ఆ పక్కనే నిలబడి ఉండగా. సార్ అంటే నేనో మేనేజరో నాకు అర్థం కాలేదు. పై అధికారిని కాదని నడుచుకుంటున్నాడని, అనవసరంగా భయాలు రేపుతున్నాడని రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. అతని ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నెలాఖరున నిర్ణయిస్తారు. నా ఫిర్యాదు ఉండగా ఖాయం చేయరు.

మీ వదిన నీకు ఆశీస్సులు చెప్పమన్నది. నేను రెండోసారి అడిగిన తరువాత చెప్పింది. ఆవిడ మాట ఈమధ్య మరీ గొణుగుడు అయిపోయింది.

ఇట్లు,
మగ్గాల షెడ్డు ప్రధాన మెకానిక్,
మిల్లు నిర్వహణ విభాగం,
నీ అన్నయ్య


పై వాటా, బస్సు డిపో వెనక వీధి
ఏప్రిల్ 15

అన్నయ్యా,

నీ నాలుగు సందేహాలకి జవాబు ఇప్పుడు రాయను. నాలుగు ప్రశ్నలు నేనే అడుగుతాను. నీకు వరుస ఇష్టం కదా.

వదిన ఎప్పటినుంచి గొణుగుతోంది? నీకొక్కడికేనా, ఇంటికొచ్చిన వాళ్ళక్కూడానా? నువ్వు ఫోను మానేసింది నిజంగా కాగితం మీద ఇష్టంతోనేనా? షెడ్డులో చెవుల్లో పెట్టుకోమని మిల్లు వాళ్ళు ఇచ్చే బిరడాలు నువ్వు ఎప్పుడైనా పెట్టుకున్నావా?

ఆ కుర్రమెకానిక్ మీద ఫిర్యాదు కొన్నాళ్ళు ఆపు. నా మాట విను.

శనివారం రా. బండి నీ చేతిలో పెడతాను. నువ్వే చూసుకో.

చెల్లి


మిల్లు క్వార్టర్లు, మూడో వరుస
ఏప్రిల్ 28, ఆదివారం, సాయంత్రం 6 గంటలు

చెల్లాయికి,

నిన్న నువ్వు బడి నుంచి తిరిగి రాకముందే నేను బస్సెక్కినందుకు ఏదో ఒకటి అనుకుంటూ ఉంటావు. అందుకు కారణం కింద ఉంది.

1. నువ్వు నడిచి బడికి వెళ్ళిన తరువాత, తాళంచెవి ఎక్కడ పెట్టానని చెప్పావో అక్కడే దొరికింది. డ్యాష్‌బోర్డు విప్పాను.

2. నా కార్డు నేను పెట్టినట్టే ఉంది. నా చీటీలు పద్నాలుగూ ఉన్నాయి. ఒకదాని అంచు లేచిపోతే ఎవరో కొత్త టేపు వేసి అంటించారు. నువ్వు కాదు, నువ్వు టేపును పళ్ళతో కొరుకుతావు. ఇది కత్తెరతో తిన్నగా కోసి ఉంది.

ఆ టేపు ముక్కను చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. గడియారం చూడలేదు. నా పనిని చెడగొట్టి ఉంటే నాకు సంతోషంగా ఉండేది. నిందించడానికి ఏమీ మిగల్చలేదు ఆయన. ఆయన మార్చిన వైరుకు కూడా చీటీ ఉంది, నా అంకెకు పక్కనే, నా అంకెకంటే చిన్నగా.

ఆ వైరును విప్పి, నేను మొదట బిగించిన స్క్రూకే తిరిగి బిగించాను. ఇంజను నడిపి, పాట పెట్టి, వీధి చివరి వరకూ వెళ్ళి వచ్చాను. మోత లేదు. రెండుసార్లు వెళ్ళాను. మోత లేదు. ఆయన మార్పు వల్ల ఏమీ మారలేదని తేలింది. వైరు ఇప్పుడు నా చోటనే ఉంది. అక్కడే ఉండనివ్వు.

నీ నాలుగు ప్రశ్నలు అర్థం లేనివి.

ఇట్లు,
మగ్గాల షెడ్డు ప్రధాన మెకానిక్,
నీ అన్నయ్య


పై వాటా, బస్సు డిపో వెనక వీధి
మే 6

అన్నయ్యా,

మూడు కాగితాలు చింపి నాలుగోది రాస్తున్నాను.

సోమవారం పొద్దున బండి తీశాను. వీధి మలుపు తిరిగేలోపే మోత. రోడ్డెక్కి యాక్సిలరేటర్ తొక్కితే ఈల వేసినట్టు లేచింది. పాట పాట కాదు. అదే బండిలో, అదే వైరుతో, నువ్వు రెండుసార్లు వీధి చివరిదాకా వెళ్ళొచ్చి మోత లేదని రాశావు.

మోత ఉందన్నయ్యా. నీకు వినబడటం లేదు.

మార్చిలోనే అనుమానం వచ్చింది. నాలుగుసార్లు భోజనానికి పిలిచాను కదా, నాలుగోసారి నీ వెనక మూరెడు దూరంలో నిలబడి పిలిచాను. నా గొంతు సన్నం. అదే కింది వాటా ఆయన లావు గొంతుతో వీధిలోంచి "ఏమండీ" అంటే టక్కున తిరిగావు. ఆ పూటే చెప్పాల్సింది. చెప్పలేదు. పదకొండు సాయంత్రాల పని చేసి తలెత్తి నవ్వుతున్న మనిషికి ఆ మాట ఎలా చెప్పను? పిల్లల తల్లిదండ్రులకి రోజూ చెప్తాను. నీకు నోరు రాలేదు.

మగ్గాల మోతలో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకి ముందు పోయేది సన్నటి శబ్దాలే. లావు శబ్దాలు బాగానే ఉంటాయి, అందుకే తెలీదు. ఎదుటివాళ్ళే గొణుగుతున్నారనిపిస్తుంది. వదిన గొణగడం లేదు. ఆవిడ నాకు రాసింది, నువ్వు కావాలనే పలకడం మానేశావనుకుంటోంది. మూడేళ్ళుగా అలాగే అనుకుంటూ నీకు అన్నం పెడుతోంది.

ఇక ఆ రెండో మెకానిక్. మగ్గం కీచుమంటోందంటే కీచుమంటోందనే. అతను నీ స్థానానికి ఎసరు పెట్టడం లేదు. అతనికి వినబడుతోంది, అంతే. ఫిర్యాదు వెనక్కి తీసుకో. నీ మాట మీద ఒకడి ఉద్యోగం ఆగి ఉంది.

రా. పరీక్ష నేనే చేస్తాను. ఇంకెవ్వరికీ తెలీదు.

చెల్లి


మిల్లు క్వార్టర్లు, మూడో వరుస, నాలుగో ఇల్లు
మే 12, ఆదివారం, ఉదయం 9 గంటల 0 నిమిషాలు

గౌరవనీయులైన శ్రవణ పరీక్షకురాలు గారికి,

తమ మే 6వ తేదీ ఉత్తరం అందినది.

చేతకాని పనికి ఎదుటివాడి చెవులను తప్పుపట్టడం కొత్త పద్ధతి. ఇకమీదట తమ వాహనానికి సంబంధించిన సమస్త మరమ్మతులనూ పెట్రోలు బంకు పక్కనున్న దుకాణంలో జరిపించుకోగలరు. వారికి అన్నీ వినబడతాయి.

మా ఇంటి ఆడవాళ్ళతో నా వెనక ఉత్తరాలు నడుపుతున్న సంగతి తెలియజేసినందుకు కృతజ్ఞతలు.

ఇట్లు,
మగ్గాల షెడ్డు ప్రధాన మెకానిక్,
మిల్లు నిర్వహణ విభాగం,
ఇరవై ఆరు సంవత్సరాల నిరంతర సేవ


మిల్లు క్వార్టర్లు
జూన్ 2, ఆదివారం

చెల్లాయికి,

గురువారం పద్నాలుగో నంబరు బేరింగు పగిలింది. షాఫ్టు ఊగి, ఇనుప ముక్క ఒకటి ఎగిరి, మగ్గం నడిపే ఆమె భుజం పక్కనుంచి పోయి వెనకనున్న గోడకు తగిలింది. గోడకు జానెడు పెళ్ళ ఊడింది. ఆమెకు ఏమీ కాలేదు. ఆమె ఆ క్షణంలో తెగిన దారం కోసం వంగి ఉంది కాబట్టి కాలేదు.

ముక్క ఎగరడానికి ముందు షెడ్డులో సగం మంది ఆ మగ్గం వైపు తలలు తిప్పారు. నేను చూశాను. అందరూ ఒకేసారి ఎందుకు తిరిగారా అని ఆశ్చర్యపోయాను. రెండో మెకానిక్ అప్పటికే స్విచ్చి వైపు పరిగెత్తుతున్నాడు. నాకు ఏమీ వినబడలేదు.

తరువాత అతను నా దగ్గరికి వచ్చాడు. "నీళ్ళు తాగండి సార్" అన్నాడు. మరీ దగ్గరికి వచ్చి, గట్టిగా అన్నాడు. ఎంతకాలం నుంచి అలా నాతో గట్టిగా మాట్లాడుతున్నాడో, నేను దాన్ని పొగరనుకున్నాను.

శనివారం వస్తున్నాను. పరీక్ష చెయ్యి.

అన్నయ్య


పై వాటా, బస్సు డిపో వెనక వీధి
జూన్ 12

అన్నయ్యా,

నువ్వు వెళ్ళాక, పరీక్ష చేసిన ఆ బడి గదిలోనే కాసేపు కూర్చుండిపోయాను. ఒకటో తరగతి కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, పరీక్ష రాసే పిల్లాడిలా నువ్వు కూర్చున్నావు చూడు, నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఒక సంగతి ఆ రోజు అనలేదు. ఎదురుగా ఉన్న పుస్తకాల బీరువా అద్దంలో నా చెయ్యి నీకు కనబడుతోందని నాకు తెలుసు. నేను మీట తిప్పిన ప్రతిసారీ నువ్వు బటన్ నొక్కావు. అన్నీ పాసైపోతున్నావు. అప్పుడు మిషను ఆపేసి, ఊరికే మీట మీద చెయ్యి కదిపాను. ఏడుసార్లు కదిపాను, ఏడుసార్లూ నొక్కావు. ఐదో తరగతి పిల్లలు రెండుసార్లు నొక్కి దొరికిపోతారు. వాళ్ళకి పట్టుదల తక్కువ.

అందుకే బీరువా మీద దుప్పటి కప్పాను. ఎందుకని నువ్వు అడగలేదు. అక్కణ్ణించి నిజంగానే విన్నావు.

ఫలితం నీకు తెలుసు, అయినా కాగితం మీద ఉండాలంటావు కాబట్టి రాస్తున్నాను. లావు శబ్దాలు రెండు చెవుల్లోనూ బాగానే ఉన్నాయి. సన్నటివి రెండింట్లోనూ పోయాయి, ఎడమవైపు ఇంకా ఎక్కువ. పోయింది తిరిగి రాదు. మిగిలింది నిలబెట్టుకోవచ్చు, షెడ్డులో బిరడాలు పెట్టుకుంటే. చెవి మిషను పెట్టుకుంటే వదిన గొణుగుడు చాలావరకు తగ్గుతుంది.

వైరు ఇంకా నువ్వు బిగించిన చోటే ఉంది. స్టీరియో ఆయన రెండుసార్లు అడిగాడు, "దోమ మళ్ళీ వచ్చిందేంటమ్మా, ఇలా ఇవ్వండి, రెండు నిమిషాలు" అని. వద్దన్నాను. మా అన్నయ్య పెట్టింది, ఆయన చెప్పేదాకా ముట్టుకోవద్దన్నాను. నన్ను వింతగా చూశాడు. ఆరు వారాలనించి జోరీగతోనే తిరుగుతున్నాను.

ఫిర్యాదు సంగతి ఏం చేశావు?

చెల్లి


మిల్లు క్వార్టర్లు
జూన్ నెలాఖరు

చెల్లాయికి,

ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. తీసుకుంటున్నానని ఒక వాక్యం రాసి ఇస్తే మేనేజరు "కారణం?" అన్నాడు. పొరపాటు అని రాశాను. "ఎలాంటి పొరపాటు?" అన్నాడు. నాకు వినబడలేదు సార్ అన్నాను. అతను అదే ప్రశ్న మరికాస్త గట్టిగా మళ్ళీ అడిగాడు. అది కాదు సార్, అదే పొరపాటు అన్నాను. షెడ్డులో ఆ మాట సాయంత్రానికల్లా అందరికీ చేరింది. చేరనీ.

రెండో మెకానిక్‌కు ఉద్యోగం ఖాయమైంది. సోమవారం అతన్ని వెంటబెట్టుకుని షెడ్డంతా తిరిగాను. ఇద్దరమూ బిరడాలు పెట్టుకున్నాం. ఇరవై రెండో నంబరు దగ్గర ఆగాడు. ఒక బిరడా తీసి, తల వాల్చాడు.

"ఏముంది?" అన్నాను.

"ఇవాళ నన్ను అడుగుతున్నారేంటి సార్?"

"అడిగితే చెప్పు. లేకపోతే పద."

"పళ్ళు నూరుతున్నట్టుంది సార్. ఎక్కడినించో తెలీడం లేదు."

నేను ఫ్రేము మీద అరచెయ్యి ఆనించి ఎడమ నుంచి కుడికి జరిపాను. మూడో బోల్టు దగ్గర సన్నగా వణుకు తగిలింది. అక్కడ విప్పమన్నాను. పళ్ళచక్రంలో ఒక పన్ను సగం అరిగి ఉంది. "చేత్తో ఎలా పట్టారు సార్?" అని అతను ఆశ్చర్యపోయాడు. చెవులు బాగా ఉన్నవాడికి ఆ అవసరం రాదని చెప్పాను. నవ్వాడు. నవ్వు బాగానే ఉంది, ఇంతకుముందు నేను చూడలేదు.

అయినా నాకు కుళ్ళు పోలేదు. ఈ సంగతి నీకు తప్ప మరొకరికి చెప్పలేను. అతను తల వాల్చినప్పుడల్లా నేను చూపు పక్కకు తిప్పుకుంటాను. ఎందుకో మొన్న తెలిసింది. అట్లా తల వాల్చేది నేను. అతని వయసులో, అదే చోట నిలబడి, అట్లాగే వాల్చేవాడిని. ఇన్నాళ్ళూ ఆ కుళ్ళు అతని మీద అనుకున్నాను.

మీ వదినతో మాట్లాడాను. ఆవిడ అంతా విన్నది. తరువాత వంటగదిలోకి వెళ్ళి, తిరిగి వచ్చి నా ఎదురుగా నిలబడి, "ఇప్పుడు లోపలినుంచి మిమ్మల్ని తిట్టాను, వినబడిందా?" అన్నది. లేదన్నాను. "అయితే మూడేళ్ళ తిట్లూ వృథాయేనన్న మాట" అన్నది. చెవి మిషను కోసం ఆవిడే తేదీ తీసుకుంది.

వైరు విషయం. నేను చెప్పేదాకా ఆగావు కాబట్టి చెబుతున్నాను. ఆయన చేత మార్పించు. ఆయన మార్చేటప్పుడు నేను అక్కడ ఉండను. ఉంటే చెయ్యి పెడతాను. డబ్బు మళ్ళీ వద్దంటే బలవంతం చెయ్యకు, ఆయన ఇష్టం. టేపు కత్తెరతో కోసినందుకు నేను సంతోషించానని చెప్పు. సంతోషించలేదు, అయినా చెప్పు.

మార్చిన తరువాత నీ బడుల దారిలో ఒక రోజంతా పాటలు విని, ఎట్లా ఉందో రాయి. బాగుందని రాస్తే నాకు ఒక పూట అన్నం సహించదు. బాగుంటే మాత్రం బాగుందనే రాయి.

అన్నయ్య